బడి దారికి ఒక పద్దు

(రోడ్డు ప్రమాద మృతుల ప్రపంచ సంస్మరణ దినం సందర్భంగా చేసిన స్మారకోపన్యాస పాఠం)

ప్రభుత్వం దేన్ని తన బాధ్యతగా భావిస్తున్నదో ప్రసంగాలలో కంటె బడ్జెట్ పద్దులలో స్పష్టంగా కనిపిస్తుంది. పద్దు అంటే ఖర్చుకు పెట్టిన పేరు. ఆ పేరు కింద చట్టసభ ఆమోదించిన సొమ్మును ఆ పనికే వెచ్చించాలి, వేరే పనికి మళ్ళించాలంటే అనుమతి తీసుకోవాలి, ఏడాది చివర లెక్క చూపాలి, చూపలేకపోతే ఆడిటుకు జవాబు చెప్పాలి. బడి భవనానికి పద్దు ఉంది, పాఠ్యపుస్తకానికి ఉంది, మధ్యాహ్న భోజనానికి ఉంది, చాలా రాష్ట్రాలలో యూనిఫారానికి, సైకిలుకు కూడా ఉంది. ఇంటి గడపకూ బడి గేటుకూ మధ్యనున్న దారిని పిల్లల కాళ్ళ కోసం చక్కదిద్దడానికి, దానికంటూ ఏటా కొంత సొమ్మును విడిగా పక్కన పెట్టడానికి మాత్రం మన రోడ్ల శాఖలు ఇంకా అలవాటు పడలేదు.

ఏటా నవంబరు మూడో ఆదివారాన్ని రోడ్డు ప్రమాదాలలో మరణించినవారి సంస్మరణ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2005లో తీర్మానించింది. ఆ సందర్భంలో చేసే ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్క ప్రముఖుని పేరిటా వెలసినది కాదు. పేర్లు పత్రికలో ఒక రోజు కనిపించి మాయమైనవారందరి స్మృతికీ, వారిలోనూ బడికి బయలుదేరి తిరిగి రాని పిల్లల స్మృతికీ ఇది అంకితం. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలోని రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో 32 వేలకు పైగా పాదచారులు, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడుస్తూ ప్రాణం పోగొట్టుకున్నవారు. మొత్తం మృతులలో పద్దెనిమిదేళ్ళు నిండనివారు సుమారు తొమ్మిదిన్నర వేలు. జాతీయ గణాంక కార్యాలయం విద్య మీద 2017-18లో జరిపిన 75వ విడత నమూనా సర్వే ప్రకారం దేశంలోని విద్యార్థులలో దాదాపు 60 శాతం చదువుకునే చోటికి నడిచే వెళ్తున్నారు, ఆడపిల్లలలో ఈ పాలు మగపిల్లలలో కంటె కొంత ఎక్కువ. బడికి నడిచివెళ్ళే పిల్లలు ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న దేశంలో, ఆ నడకను కాపాడడం ఏ శాఖ ఖర్చు అనే ప్రశ్న ఇంతకాలం గట్టిగా వినిపించకపోవడం బాధాకరం.

ఈ ఉపన్యాసం నిరూపించదలచిన విషయం ఒక్కటే. రోడ్ల సొమ్ములో పిల్లల నడకకు పేరు పెట్టి కేటాయించిన వాటా ఉన్నంతకాలం పని జరుగుతుంది. ఆ పేరు చెరిగిపోయి, మిగిలిన రోడ్డు పనులతో పోటీపడి సొమ్ము తెచ్చుకోవలసి వచ్చిన నాటి నుంచి అది వెనకబడుతుంది. ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నడిచిన ‘సేఫ్ రూట్స్ టు స్కూల్’, అంటే బడికి సురక్షిత మార్గాల కార్యక్రమం, చక్కని దాఖలా. దాని పుట్టుక, ఎదుగుదల, కుదింపు, పునరుద్ధరణ అన్నీ రెండు దశాబ్దాలలోనే జరిగాయి, అన్నీ చట్టాలలో అంకెలతో సహా నమోదయ్యాయి.

అమెరికాలో 1969లో అయిదు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వయసున్న పిల్లలలో 48 శాతం నడిచో సైకిలు మీదో బడికి వెళ్ళేవారు. 2009 నాటికి వారు 13 శాతానికి తగ్గారు. దూరం పెరగడమే ఇందుకు కారణమని సరిపెట్టుకోవడానికి వీలులేదు, ఎందుకంటే బడికి ఒక మైలు లోపల, అంటే సుమారు 1.6 కిలోమీటర్ల లోపల ఉండే పిల్లలలోనే ఈ పాలు 89 శాతం నుంచి 35 శాతానికి పడిపోయింది. పావుగంట, ఇరవై నిమిషాల నడకకు కారు తీయవలసి వచ్చిందంటే లోపం దూరంలో కాక దారిలో ఉందని అర్థం. దూరం కూడా దానంతటదే పెరగలేదు. బడి స్థలం కనీసం ఎంత ఉండాలో చెబుతూ పాఠశాల భవనాల ప్రణాళికా నిపుణుల సంఘం ఇచ్చిన సూచన ప్రకారం ప్రాథమిక పాఠశాలకు పది ఎకరాలు, ఉన్నత పాఠశాలకు ముప్పై ఎకరాలు, ఆ పైన ప్రతి వందమంది విద్యార్థులకు మరొక ఎకరం కావాలి. ఊరి నడుమ అంత స్థలం దొరకదు కాబట్టి కొత్త బడులు ఊరి చివర, నాలుగు వరుసల రోడ్ల పక్కన వెలిశాయి. 2004లో ఆ సూచనను ఉపసంహరించుకున్నా, అప్పటికే కట్టిన బడులు కట్టిన చోటనే ఉన్నాయి. డాలస్, న్యూజెర్సీ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రతి ఉదయం బడి ముందు బారులు తీరిన కార్లలో కూర్చుని అనుభవిస్తున్నది ఈ స్థల నిర్ణయాల ఫలితాన్నే. అపాయానికి భయపడి కారు తీసిన ప్రతి తల్లీ తండ్రీ, తమకు తెలియకుండానే, నడిచే మిగిలిన పిల్లలకు మరొక వాహనాన్ని అడ్డు పెడుతున్నారు. ఆ కార్లను చూసి మరికొందరు తమ పిల్లల నడక మానిపిస్తారు. ఈ గొలుసును తెంచడం ఏ ఒక్క కుటుంబం చేతిలోనూ లేదు, ప్రభుత్వ వ్యయం అవసరమయ్యేది అందుకే.

ఈ భావం అమెరికాలో పుట్టినది కాదు. 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్ల మీద మూడు వేల మూడు వందలమందికి పైగా మరణించగా వారిలో నాలుగు వందలమందికి పైగా పిల్లలు. మరుసటి ఏడాది, బడికి వెళ్తూ తన కుమార్తె మరణించిన పత్రికా రచయిత విక్ లాంగెన్‌హాఫ్ ‘స్టాప్ డి కిండర్‌మోర్డ్’, అంటే ‘పిల్లల హత్యను ఆపండి’ అనే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరైంది, తల్లిదండ్రులు వీధుల్లో బైఠాయించారు, కొన్నేళ్ళకు ఆ ఉద్యమ సంస్థకు ప్రభుత్వమే సహాయనిధి ఇచ్చింది. ఈనాడు ప్రపంచమంతా మెచ్చుకునే డచ్చి సైకిలు బాటల వెనక ఈ దుఃఖ చరిత్ర ఉంది. అదే కాలంలో యూరప్‌లో పిల్లల రోడ్డు ప్రమాదాలు అత్యధికంగా జరుగుతున్న దేశంగా పేరుపడ్డ డెన్మార్కు 1976లో తన రోడ్డు రవాణా చట్టాన్ని సవరించి, బడికి వెళ్ళే పిల్లలను వాహనాల నుంచి కాపాడే బాధ్యతను పోలీసుల మీద, రోడ్ల అధికారుల మీద ఉంచింది. అక్కడి ఓడెన్సె నగరంలో అధికారులు నక్షాల దగ్గర మొదలుపెట్టకుండా పిల్లలనే అడిగారు: ఏ మలుపు దగ్గర భయమేస్తుంది, ఎక్కడ దాటడానికి చాలాసేపు నిలబడతారు అని. ఆ జవాబులను బట్టి వాహనాలు రాని బాటలు వేశారు, రోడ్లను సన్నం చేశారు, నడిరోడ్డు మీద ఆగి నిలబడేందుకు దీవుల వంటి దిమ్మెలు కట్టారు. క్రమంగా అక్కడ పిల్లల ప్రమాదాలు 85 శాతం తగ్గినట్లు నమోదైంది.

ఈ మార్పుకు శాస్త్రీయమైన ప్రాతిపదిక వేసినవారిలో స్వీడన్ మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్‌ను ప్రత్యేకంగా స్మరించాలి. 1960లలో ఆమె చిన్నపిల్లలను గమనించి తేల్చినదేమిటంటే, రోడ్డు నియమాలను ఎంత చక్కగా వల్లెవేసిన పిల్లలైనా ఆ నియమాలను అన్నివేళలా పాటించగల స్థితిలో ఉండరు. వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తున్నదో అంచనా వేయడం, చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో పోల్చుకోవడం, ఆట మీద ఉన్న మనసును క్షణంలో రోడ్డు మీదికి మళ్ళించడం వంటి శక్తులు వయసుతోపాటు నెమ్మదిగా వస్తాయే గాని బోధన వల్ల ముందుగా రావు. ఆగి ఉన్న ఆటో వెనక నిలబడ్డ ఏడేళ్ళ పిల్లకు రోడ్డు కనబడదు, డ్రైవరుకు ఆ పిల్ల కనబడదు. ఇది క్రమశిక్షణకు సంబంధించిన లోపం కాదు, ఎత్తుకు సంబంధించిన వాస్తవం. అందువల్ల పిల్లలను రోడ్డుకు తగినట్లు తీర్చిదిద్దడం కంటె రోడ్డును పిల్లలకు తగినట్లు తీర్చిదిద్దడమే సరైన మార్గమని ఆమె పరిశోధన సూచించింది. రోడ్డు భద్రతా వారోత్సవాలలో వ్యాసరచన పోటీలు పెట్టి, అదే బడి ముందు రోడ్డును మాత్రం ఉన్నదున్నట్లు వదిలేసే పద్ధతికి ఇంతకంటె సూటి సమాధానం అవసరం లేదు.

అమెరికాలో ఈ ప్రయత్నం 1997లో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్‌లో మొదలైంది. 1999లో కాలిఫోర్నియా శాసనసభ, కేంద్రం నుంచి వచ్చే రోడ్డు భద్రతా నిధులలో కొంత భాగాన్ని బడి దారులకు మళ్ళిస్తూ చట్టం చేసి, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రమైంది. 2000లో జాతీయ రహదారి భద్రతా సంస్థ కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీకి, మాసచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్ పట్టణానికి ప్రయోగాత్మకంగా చెరి యాభై వేల డాలర్లు ఇచ్చింది. ఆ మొత్తం రోడ్ల ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రానంత చిన్నది, అయినా మరిన్ కౌంటీలో కార్యక్రమం అమలైన బడులలో రెండేళ్ళలో నడిచి వచ్చే పిల్లల సంఖ్య 64 శాతం, సైకిలు మీద వచ్చేవారి సంఖ్య 114 శాతం పెరిగినట్లు 2003లో ప్రచురితమైన అధ్యయనం చూపింది.

ఈ ఫలితాలను దేశవ్యాప్తం చేయాలని ప్రతినిధుల సభలో పట్టుబట్టినవారు మిన్నెసోటా సభ్యుడు జేమ్స్ ఓబర్‌స్టార్. స్వయంగా సైకిలు తొక్కే అలవాటున్న ఆయన రవాణా వ్యవహారాలలో దశాబ్దాల అనుభవం గడించినవారు. 2005 ఆగస్టు 10న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ సంతకం చేసిన రవాణా చట్టంలోని 1404వ సెక్షను ద్వారా బడికి సురక్షిత మార్గాల కార్యక్రమానికి అయిదు ఆర్థిక సంవత్సరాలకు 61.2 కోట్ల డాలర్ల కేటాయింపు దక్కింది. ఆ చట్టం మొత్తం మీద రోడ్లకూ రవాణాకూ కేటాయించిన సొమ్ము దాదాపు 24,400 కోట్ల డాలర్లు. అందులో పిల్లల దారికి దక్కింది నాలుగు వందలలో ఒక వంతు మాత్రమే.

మొత్తం చిన్నదే అయినా ఆ సెక్షనును రాసిన తీరు ఈనాటికీ అధ్యయనం చేయదగినది. సొమ్మును ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల సంఖ్యను బట్టి రాష్ట్రాలకు పంచి, ఎంత చిన్న రాష్ట్రానికైనా ఏడాదికి పది లక్షల డాలర్లకు తగ్గకుండా ఇచ్చారు. అమెరికాలో కేంద్ర నిధులతో చేసే రోడ్డు పనులకు సాధారణంగా స్థానిక సంస్థ తన వంతుగా కొంత కలపాలి, దీన్ని వాటా నిధి అంటారు. ఈ కార్యక్రమానికి మాత్రం నూటికి నూరు పాళ్ళూ కేంద్రమే భరించింది. వాటా నిధి లేకపోవడం పేద ఊళ్ళకు ఎంత పెద్ద మేలో, ఖజానా ఖాళీగా ఉన్న మన పంచాయతీల సంగతి తెలిసినవారికి వివరించనక్కరలేదు. కాలిబాట, సైకిలు బాట, రోడ్డు దాటే చోటు, వేగాన్ని తగ్గించే నిర్మాణాలు వంటి పనులు బడికి సుమారు రెండు మైళ్ళ పరిధిలో ఉండాలన్నారు. రాష్ట్రానికి వచ్చిన సొమ్ములో 10 నుంచి 30 శాతం వరకు నిర్మాణేతర పనులకు, అంటే పిల్లలకు శిక్షణ, బడి వేళల్లో పోలీసు నిఘా, తల్లిదండ్రుల సమీకరణ వంటి వాటికి తప్పనిసరిగా ఖర్చు చేయాలన్నారు. ఈ చివరి కోవలోకి వచ్చేదే ‘నడిచే బడిబస్సు’: ఒకరిద్దరు పెద్దలు నిర్ణీత వేళకు నిర్ణీత వీధుల గుండా నడుస్తూ ఒక్కొక్క ఇంటి దగ్గర పిల్లలను కలుపుకొని గుంపుగా బడికి చేర్చే ఏర్పాటు. వీటన్నిటికంటె ముఖ్యమైన నియమం, ప్రతి రాష్ట్రంలోనూ ఈ పనికి పూర్తికాలం పనిచేసే ఒక సమన్వయకర్త ఉండాలన్నది. రోడ్ల శాఖలో పిల్లల తరఫున అడిగే మనిషి ఒకరు జీతం మీద ఉండడం వల్ల, ఫైలు కదలకపోతే ఎందుకు కదలలేదో చెప్పవలసిన కుర్చీ ఒకటి ఏర్పడింది.

ఫలితాలు గట్టిగానే వచ్చాయి. న్యూయార్కు నగరంలో ఈ కార్యక్రమం కింద పనులు జరిగిన ప్రాంతాలలో, బడికి వెళ్ళివచ్చే వేళల్లో పాదచారులైన బడి ఈడు పిల్లలు గాయపడే రేటు 44 శాతం తగ్గిందనీ, పనులు జరగని ప్రాంతాలలో చెప్పుకోదగిన మార్పు లేదనీ 2013లో పిల్లల వైద్య పత్రిక ‘పీడియాట్రిక్స్’లో వెలువడిన అధ్యయనం తెలిపింది. నాలుగు ప్రాంతాలలోని 801 బడులను పరిశీలించిన మరొక అధ్యయనం, నిర్మాణపు పనుల వల్ల నడక, సైకిలు ప్రయాణం కలిపి 18 శాతం మేర పెరిగాయనీ, శిక్షణ, ప్రోత్సాహం వంటివి ఏటా కొంచెం కొంచెంగా పోగై అయిదేళ్ళలో 25 శాతం పెరుగుదలకు దారితీశాయనీ 2014లో చూపింది. సిమెంటు పని ఒక్కసారిగా ఫలిస్తుంది, మనుషులతో పని ఏళ్ళ తరబడి సాగితే ఫలిస్తుంది. సొమ్మును ఈ రెంటికీ విడదీసి ఇవ్వాలన్న 2005 నాటి నిబంధన ఎంత ముందుచూపుతో చేసినదో దీనివల్ల తెలుస్తుంది.

అయినా 2012 జూలైలో వచ్చిన తరువాతి రవాణా చట్టం ఈ పద్దును రద్దు చేసింది. బడి దారులను, విహార బాటలను, రోడ్ల పక్క సుందరీకరణ వంటి పనులను ఒకే మూటగా కట్టి ‘రవాణా ప్రత్యామ్నాయాలు’ అనే కొత్త పేరు పెట్టింది. విడివిడిగా ఉన్నప్పుడు వీటన్నిటికీ కలిపి ఏడాదికి దాదాపు 120 కోట్ల డాలర్లు అందేవి, మూట కట్టాక అది 80 కోట్ల చిల్లరకు తగ్గింది. అందులోనూ సగం వరకు ఇతర రోడ్లకు మళ్ళించుకునే వెసులుబాటు రాష్ట్రాలకు కలిగింది. 20 శాతం వాటా నిధి మళ్ళీ వచ్చింది, సమన్వయకర్త తప్పనిసరి కాకుండా పోయారు. కాగితం మీద ఏ పనీ నిషిద్ధం కాలేదు, అన్నిటికీ అర్హత మిగిలింది. అర్హత ఉండడం వేరు, కేటాయింపు ఉండడం వేరు. దరఖాస్తులు రాయగల ఇంజనీర్లు, వాటా సొమ్ము పెట్టగల పన్ను రాబడి ఉన్న ఊళ్ళు ఈ పోటీలో గెలుస్తాయి. కాలిబాట అత్యవసరమైన, కారు లేని కుటుంబాలు ఎక్కువగా ఉండే ఊళ్ళు ఓడిపోతాయి. 2021 నవంబరులో వచ్చిన మౌలిక సదుపాయాల చట్టం ఈ తప్పును కొంత సరిదిద్దింది. రవాణా ప్రత్యామ్నాయాలకు అయిదేళ్ళకు సుమారు 720 కోట్ల డాలర్లు కేటాయించింది, బడికి సురక్షిత మార్గాల కార్యక్రమానికి శాశ్వత చట్టంలో మళ్ళీ చోటు కల్పించి పన్నెండో తరగతి వరకు విస్తరించింది. కాని దానికంటూ విడిగా సొమ్ము పెట్టలేదు. పేరు తిరిగి వచ్చి పైకం రాకపోవడం సగం న్యాయమే.

భారతదేశంలో పరిస్థితి మరొక విధంగా చీలిపోయి ఉంది. ఇక్కడ విద్యాశాఖ పిల్లకు సైకిలు ఇస్తుంది, ఆ సైకిలు వెళ్ళే దారి సంగతి రోడ్ల శాఖ పట్టించుకోదు. తమిళనాడు ఈ శతాబ్ది మొదట్లోనే విద్యార్థినులకు ఉచిత సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి రెండు వేల రూపాయల చొప్పున ఇవ్వగా, దాని ఫలితాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ, బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఈ లాభం ప్రధానంగా కనిపించిందనీ తేల్చారు. పశ్చిమ బెంగాల్ 2015 నుంచి ‘సబూజ్ సాథీ’ పేరుతో, ఆంధ్రప్రదేశ్ ‘బడికొస్తా’ పేరుతో ఇదే బాట పట్టాయి. ఆడపిల్ల చదువును నిలబెట్టిన ప్రజావ్యయాలలో ఇది అత్యుత్తమమైన వాటిలో ఒకటని నిస్సందేహంగా చెప్పవచ్చు. అయితే ప్రభుత్వమే సైకిలు ఇచ్చి, లారీలు పరుగెత్తే రోడ్డు మీదికి ఆ పిల్లను పంపినప్పుడు, ఆమె భద్రత కూడా ఆ పథకంలో భాగం కావలసింది కాదా?

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వేలాది పల్లెలకు తారు రోడ్డు తెచ్చి, వానాకాలంలో బడి మానే అవస్థను తొలగించింది. ఆ రోడ్లలో తారు వేసే భాగం వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, అది గతుకులు లేని రోడ్డు కాబట్టి వాహనాల వేగం పెరుగుతుంది, ఎదురుగా బస్సు వస్తే మోటారు సైకిలు మట్టి అంచుకు దిగుతుంది, ఆ అంచు మీదనే పిల్లలు నడుస్తుంటారు. వాహనం సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం దాదాపు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోడ్డు మేలు చేస్తూనే అపాయం కూడా తెచ్చిందని ఒప్పుకోవాలి. ఆ అపాయాన్ని తొలగించే ఖర్చు రోడ్డు అంచనాలోనే ఉండాలి.

విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం అయిదో తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిదో తరగతి వరకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలి. నియమం దూరాన్ని కొలిచింది, దారి స్వభావాన్ని కొలవలేదు. ఆ లోటు ఎంతటిదో 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు బయటపడింది. దూరం పెరుగుతుందన్నది ఒక అభ్యంతరమైతే, ఎనిమిదేళ్ళ పిల్లలు పెద్ద రోడ్డు ఎలా దాటుతారన్నది తల్లిదండ్రుల ముఖ్యమైన ఆందోళన. ఆ ఉత్తర్వు 2025లో రద్దయింది. బడి ఎక్కడ ఉండాలో నిర్ణయించే విద్యాశాఖ ఫైలులో రోడ్ల ఇంజనీరు సంతకం కూడా ఉండే పద్ధతి ఉంటే ఆ వివాదం అంత దూరం వెళ్ళేది కాదు.

పేరు పెట్టిన సొమ్ము మన దేశంలో కూడా ఎంత పని చేయగలదో చెప్పడానికి విషాదకరమైన నిదర్శనం తెలుగు నేల మీదనే ఉంది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగు మీద బడిబస్సును రైలు ఢీకొని పసిపిల్లలు మరణించారు. అటువంటి క్రాసింగులు దేశంలో ఒక్కటి కూడా మిగలకూడదని రైల్వే లక్ష్యంగా పెట్టుకుంది. 2017-18లో అయిదేళ్ళకు లక్ష కోట్ల రూపాయల రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అనే ప్రత్యేక భద్రతా నిధి ఏర్పడి ఆ పనికి తోడ్పడింది. 2019 జనవరి ఆఖరు నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలన్నిటి మీదా కాపలా లేని క్రాసింగులు పూర్తిగా తొలగిపోయాయి. ఒక యాజమాన్యం, ఒక లక్ష్యం, ఒక నిధి ఉన్నందువల్ల దశాబ్దాల నాటి అపాయం కొన్నేళ్ళలో అంతరించింది. పట్టణాల విషయానికి వస్తే, చెన్నై నగరపాలక సంస్థ 2014లో ఆమోదించిన విధానంలో రవాణా బడ్జెట్టులో కనీసం 60 శాతాన్ని నడకకు, సైకిలుకు కేటాయించాలని నిర్ణయించుకుంది. హైదరాబాదులో 2023లో బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాటను సౌర ఫలకాల కప్పుతో నిర్మించారు. అది మెచ్చదగిన నిర్మాణమే, కాని ఉదయం ఎనిమిది గంటలకు సంచి తగిలించుకుని బస్తీ నుంచి ప్రభుత్వ పాఠశాలకు బయలుదేరే పిల్ల దారి అటువైపు లేదు.

పాదచారులకు కాలిబాటల మీద ఉన్న హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాలిబాట నడిచేందుకు అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పుతో ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలలోనే చెప్పింది. హక్కు ఉంది, కొలత ఉంది. లోపించినది సొమ్ము, ఆ సొమ్ముకు జవాబుదారీ. రోడ్ల శాఖల వార్షిక కేటాయింపులో నూటికి ఒక రూపాయిని బడి దారుల పేరుతో విడిగా పెట్టి, మళ్ళింపును నిషేధించి, పంచాయతీల నుంచి వాటా నిధి అడగకుండా, జిల్లాకు ఒక ఇంజనీరును దీనికే నియమిస్తే, నాలుగు వందలలో ఒక వంతుతో అమెరికా సాధించిన దానికంటె ఎక్కువ ఇక్కడ సాధించవచ్చు, ఎందుకంటే అక్కడ పిల్లలను మళ్ళీ నడిపించవలసి వచ్చింది, ఇక్కడ పిల్లలు ఇప్పటికే నడుస్తున్నారు. బడికి ఒక కిలోమీటరు లోపల చేయవలసిన పనులు పెద్దవి కూడా కావు: మట్టి అంచును గట్టిపరచిన నడక దారి, మురుగు కాలవ మీద పలకలు, గేటు ఎదుట రోడ్డు మట్టం కంటె ఎత్తుగా కట్టిన దాటే చోటు, బడి వేళల్లో ముప్పై కిలోమీటర్ల వేగ పరిమితి, దాన్ని అమలు చేసే మనిషి. ఇవన్నీ మన మేస్త్రీలకు చేతనైన పనులే, వాటి మరమ్మతుకు కూడా ఆ పద్దులోనే చోటు ఉండాలి.

ఇందుకు కొత్త చట్టం వచ్చేవరకు ఆగవలసిన పని లేదు. విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ తల్లిదండ్రులే మూడు వంతులు ఉండే యాజమాన్య కమిటీని ఏర్పరచింది, 22వ సెక్షను ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాలనీ, ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలనీ చెప్పింది. ఈ ఉపన్యాసం చదివే ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, కమిటీ సభ్యులకు విజ్ఞప్తి ఒక్కటే: ఈ ఏటి ప్రణాళికలో గదులు, ప్రహరీ, మరుగుదొడ్ల సరసన బడి దారిని కూడా చేర్చండి, పిల్లలను అడిగి, వారు భయపడే చోట్లను వారి మాటల్లోనే రాయించండి, ఆ కాగితాన్ని గ్రామసభలో, వార్డు సమావేశంలో చదివించి, రోడ్ల శాఖ ఇంజనీరుకు అందజేసి, రశీదు తీసుకోండి.